పొంగని పిండి, పులిసిపోయిన పిండి: కిణ్వనంలో అసలు ఏం జరుగుతుంది

హన్మకొండలో ఇంటి దగ్గరే ఇడ్లీ, దోసె పిండి రుబ్బి చుట్టుపక్కల ఇళ్లకు అమ్ముతున్నానని, డిసెంబరు, జనవరి నెలల్లో అదే పప్పు, అదే కొలత వాడినా తెల్లవారేసరికి పిండి పొంగడం లేదని, ఏప్రిల్ వచ్చేసరికి పొంగకముందే పులిసిపోతోందని మీరు రాశారు. ఈస్ట్ గానీ వంట సోడా గానీ కలపమని కొందరు చెబుతున్నారని, అది సరైన పనేనా అని అడిగారు. దానితో పాటు డిగ్రీ చదువుతున్న మీ అమ్మాయి ప్రశ్నను కూడా జతచేశారు: పెరుగు, కల్లు, ఇడ్లీ పిండి, చివరికి ఆసుపత్రిలో ఇచ్చే కొన్ని మందులు కూడా కిణ్వనంతోనే, అంటే పులియబెట్టడంతోనే, తయారవుతాయని పుస్తకంలో ఉన్నప్పుడు, పిండి ఎందుకు కల్లుగా మారదు, మిగిలిన కూర పులవకుండా ఎందుకు కుళ్లిపోతుంది అని. వరంగల్‌లో ముప్పై ఏళ్లకు పైగా సూక్ష్మజీవశాస్త్రం బోధించిన అనుభవంతో ఒక మాట చెప్పగలను. మీ అమ్మాయి అడిగిన దానికి జవాబు తెలిస్తే మీ పిండికి చేయవలసిన వైద్యం మీకే తోస్తుంది. అందుచేత ముందు ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మనం పిండిని పులియబెడుతున్నామని అంటాం గానీ, పులియబెట్టేది మనం కాదు. పిండిలో ఉన్న బ్యాక్టీరియా తన బతుకు తాను బతుకుతుంది, ఆ బతుకులో బయటికి పారేసినదే మనకు పులుపుగా, పొంగుగా, వాసనగా అందుతుంది. ఏ జీవకణానికైనా పని చేయడానికి ఏటీపీ అనే శక్తి అణువు కావాలి. ఈ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అదే ఏడాది అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనుగొన్నారు. కిణ్వనం గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ ఆయన పేరు చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేదు. కణం ఒక గ్లూకోజ్ అణువును రెండుగా విరిచి పైరువిక్ ఆమ్లంగా మార్చినప్పుడు దానికి నికరంగా రెండు ఏటీపీలు దక్కుతాయి. ఆ విరిచే పనిలో గ్లూకోజ్ నుంచి ఊడివచ్చిన ఎలక్ట్రాన్లను ఎన్ఏడీ అనే మరో అణువు ఎత్తుకుంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. కణంలో ఎన్ఏడీ నిల్వ చాలా కొద్ది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చిన బండి వాటిని దించుకుంటేనే మళ్లీ ఊరికి పోయి ఇంకో మోత తేగలుగుతుంది. దించే చోటు లేకపోతే బండ్లన్నీ గేటు దగ్గరే నిలిచిపోతాయి, పొలంలో పంట పొలంలోనే ఉండిపోతుంది. ఎన్ఏడీ పరిస్థితి కూడా సరిగ్గా అలాంటిదే.

ప్రాణవాయువు అందుతున్నప్పుడు చాలా జీవులు ఆ ఎలక్ట్రాన్లను చివరికి దాని మీదికే దించుతాయి, అప్పుడు ఒక గ్లూకోజ్ నుంచి ముప్పై దాకా ఏటీపీలు వస్తాయి. ప్రాణవాయువు లేనప్పుడు, లేదా దాన్ని వాడుకునే యంత్రాంగం ఆ జీవికి లేనప్పుడు, తాను విరిచిన పైరువిక్ ఆమ్లం మీదికే ఆ మోతను దించుకోవలసి వస్తుంది. నేరుగా దించితే అది లాక్టిక్ ఆమ్లం అవుతుంది, అదే పెరుగు పులుపు. ముందు పైరువిక్ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించి, మిగిలిన దాని మీదికి దించితే ఇథనాల్ అవుతుంది, అదే కల్లులోని మత్తు. ఖచ్చితమైన అర్థంలో కిణ్వనం అంటే ఇంతే: ఎన్ఏడీ బండిని ఖాళీ చేసుకోవడానికి కణం వెతుక్కున్న చోటు. రెండే రెండు ఏటీపీలు దక్కుతాయి కాబట్టి బతకడానికి ఆ జీవి చాలా చక్కెరను చాలా వేగంగా తినాలి. అందుకే ఒక చెంచా తోడు రాత్రి గడిచేసరికి గిన్నెడు పాలను మార్చేయగలుగుతుంది.

ఈ సంగతి మనిషికి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. 1857లో ఫ్రాన్సులోని లిల్ నగరంలో లూయీ పాశ్చర్ లాక్టిక్ కిణ్వనంపై పత్రం సమర్పించి, పులుపు వెనుక ప్రాణమున్న జీవి ఉందని, ఒక్కో రకం కిణ్వనానికి ఒక్కో రకం జీవి కారణమని వాదించాడు. నలభై ఏళ్ల తర్వాత, 1897లో, ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో నూరి, గట్టిగా అదిమి రసం తీశాడు. రసం చెడిపోకుండా ఉండడానికి మనం పండ్లను పాకంలో వేసినట్టే దానిలో చక్కెర కలిపాడు. నిలవ ఉంటుందనుకున్న రసం బుడగలు కక్కింది. ఒక్క ప్రాణకణం కూడా లేని రసం చక్కెరను మద్యంగా మార్చిందంటే, ఆ పని చేసేది కణంలో రసాయన మార్పులను నడిపించే ఎంజైములని తేలింది. దానికి ఆయనకు 1907లో నోబెల్ బహుమతి వచ్చింది. పాశ్చర్, బుక్నర్ ఇద్దరి మాటా నిజమే. పని చేసేది ఎంజైము, ఆ ఎంజైమును తయారుచేసుకుని మోసుకొచ్చేది జీవి. మీ పిండికి సంబంధించినంత వరకు ఏ జీవి ముందు వస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు కుళ్లడం గురించి. మిగిలిన కూరలోనూ సూక్ష్మజీవులే పని చేస్తాయి, పెరుగులోనూ అవే చేస్తాయి. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంది, తోడు రూపంలో కోట్లాది లాక్టిక్ బ్యాక్టీరియాను మనమే ముందుగా దించుతున్నాం. అవి కొద్ది గంటల్లోనే ఎంత ఆమ్లం విడుస్తాయంటే, ఆమ్లాన్ని ఓర్చుకోలేని మిగతా జీవులు తలెత్తలేవు. కూరలో తోడు లేదు, చక్కెర తక్కువ, మాంసకృత్తులు, నూనె, నీరు ఉన్నాయి. మొదట ఏది పడితే అది పెరుగుతుంది. మాంసకృత్తులను విరిచే జీవులు అమ్మోనియా, గంధకపు వాసన గల పదార్థాలు విడుస్తాయి, దాన్నే మనం కుళ్లు అంటాం. రెండింటి రసాయనంలో తేడా ఉన్న మాట నిజమే గానీ, ఏ దారి పట్టాలో తేల్చేది మొదటి కొన్ని గంటల్లో ఎవరు పైచేయి సాధించారన్న విషయం. ఉప్పు, వేడి, గాలి తగలకుండా మూత, పాత పిండిలో నుంచి ఒక గరిటె, ఇవన్నీ మనకు కావలసిన జీవిని గెలిపించడానికి మన పెద్దలు కనిపెట్టిన సాధనాలే. పులియబెట్టేవాళ్ల నైపుణ్యమంతా ఆ పరిస్థితులను పట్టుకోవడంలోనే ఉంది.

పెరుగు దీనికి చక్కని ఉదాహరణ. పాలను బాగా మరిగించినప్పుడు పోటీదారులు చాలా వరకు చనిపోతాయి. అంతేకాదు, పాల తేటలోని బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే మాంసకృత్తి విప్పుకుని కేసీన్ అనే మరో పాల మాంసకృత్తి కణాలకు అతుక్కుంటుంది, అందువల్లే మరిగించిన పాల పెరుగు గట్టిగా తోడుకుంటుంది, నీరు తక్కువగా విడుస్తుంది. యోగర్ట్ రకం పెరుగులో స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అనే రెండు జీవులు జంటగా పని చేస్తాయి. మొదటిది విడిచే ఫార్మిక్ ఆమ్లం రెండో దానికి కావాలి, రెండోది మాంసకృత్తులను విరిచి ఇచ్చే అమైనో ఆమ్లాలు మొదటి దానికి కావాలి. ఈ జంటకు 40 నుంచి 45 డిగ్రీల వేడి ఇష్టం. మన ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న తోడులో తక్కువ వేడిలో పని చేసే లాక్టోకోకస్ జాతులు కూడా కలిసి ఉంటాయి. పీహెచ్ అంటే పులుపు కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పాల పీహెచ్ 4.6 దగ్గరికి దిగినప్పుడు కేసీన్ కణాలు ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి అల్లుకుపోతాయి, అప్పుడే పాలు గడ్డకడతాయి. పెరుగు ఎప్పుడైనా తీగలు సాగితే భయపడవలసిన పని లేదు, కొన్ని బ్యాక్టీరియా చక్కెరలను గొలుసులుగా అల్లి బంకలాంటి పదార్థం తయారుచేస్తాయి. అయితే ఆ పెరుగును తోడుగా వాడకండి, అదే గుణం మర్నాటికీ వస్తుంది. ఈ బంక గురించి మళ్లీ చెబుతాను.

మీ పిండి దగ్గరికి వస్తాను. ఇడ్లీ పిండికి మనం తోడు వేయకపోయినా పులుస్తుంది, ఎందుకంటే దాని తోడు మినప్పప్పుతోనే వస్తుంది. పప్పు నానుతున్న గంటల్లోనే ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియా పెరగడం మొదలుపెడుతుంది, రుబ్బిన తర్వాత పిండిని పొంగించే పనిలో అదే పెద్దది. దీని ప్రత్యేకత గమనించండి. పెరుగులోని జీవులు ఒక గ్లూకోజ్ నుంచి రెండు లాక్టిక్ ఆమ్లం అణువులు చేస్తాయి, వాయువు ఏమీ విడువవు. ల్యూకోనోస్టాక్ మరో దారిలో వెళ్లి, ఒక గ్లూకోజ్ నుంచి ఒక లాక్టిక్ ఆమ్లం, ఒక ఇథనాల్, ఒక కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. ఆ కార్బన్ డయాక్సైడే మీ పిండి పొంగు. అంటే పొంగడం, పులవడం అనేవి ఒకే పని కాదు. రెండూ ఇచ్చే జీవులు కొన్ని, పులుపు మాత్రమే ఇచ్చే జీవులు కొన్ని. మీ రెండు కాలాల కష్టాలకు మూలం ఈ ఒక్క తేడాలోనే ఉంది.

పొంగు నిలవడానికి వాయువు ఒక్కటే చాలదు, దాన్ని పట్టి ఉంచే వల కావాలి. గోధుమలో ఆ పని గ్లూటెన్ చేస్తుంది. బియ్యంలో గ్లూటెన్ లేదు. మినప్పప్పులోని గ్లోబ్యులిన్ అనే మాంసకృత్తి నురగను కడుతుంది, అరబినోగాలాక్టన్ అనే జిగురు ఆ నురగ వేడికి కూలిపోకుండా కాపాడుతుంది. పెసరపప్పుతోనో శనగపప్పుతోనో మినుముతో వచ్చినంత మెత్తని ఇడ్లీ రాకపోవడానికి కారణం ఇదే. పాత పప్పులో ఈ గుణాలు తగ్గుతాయి, అందుచేత చలికాలంలో పిండి పొంగకపోతే పప్పు ఎప్పటిదో కూడా ఒకసారి చూసుకోండి. రుబ్బేటప్పుడు మిక్సీ కన్నా గ్రైండరు మంచిదనడానికి కూడా కారణం ఉంది. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది, గ్రైండరు రాయి నెమ్మదిగా తిరుగుతూ గాలిని లోపలికి కలుపుతుంది, ఆ చిన్న చిన్న గాలి బుడగల్లోకే తర్వాత కార్బన్ డయాక్సైడ్ చేరి అవి ఉబ్బుతాయి. చేత్తో కలిపితేనే పిండి పులుస్తుందన్న నమ్మకాన్ని నేను ఒప్పుకోలేకపోయాను. కావలసిన బ్యాక్టీరియా పప్పులో చాలినంత ఉంది, నలుగురికి అమ్మే పిండిని శుభ్రమైన గరిటెతో కలపడమే మేలు.

చలికాలంలో వరంగల్ రాత్రులు పదిహేను డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతాయి. ఆదిలాబాద్ వైపు ఇంకా చల్లన. ల్యూకోనోస్టాక్ ఆ చల్లదనంలో చావదు గానీ చాలా నెమ్మదిగా పని చేస్తుంది. ఎండకాలంలో ఎనిమిది గంటల లోపే అయ్యే పని పద్నాలుగు, పదహారు గంటలైనా పూర్తి కాదు. దానికి కావలసింది 28 నుంచి 32 డిగ్రీల వేడి. ఒక థర్మాకోల్ పెట్టెలో పిండి గిన్నెలు పెట్టి, పక్కన మూత బిగించిన సీసాలో వేడినీళ్లు పెడితే ఆ వేడి రాత్రంతా ఉంటుంది. ఒక చిన్న థర్మామీటరు కొని పెట్టెలో ఉంచండి, అంచనాతో పని లేకుండా పోతుంది. పప్పును చలికాలంలో గోరువెచ్చని నీళ్లలో ఏడెనిమిది గంటలు నాననివ్వండి, ఎందుకంటే ఆ నానే సమయం కూడా కిణ్వనంలో భాగమే. రుబ్బిన తర్వాత ముందు రోజు బాగా పొంగిన పిండిలో నుంచి కిలోకు రెండు మూడు చెంచాలు కలపండి. పెరుగు కలపవద్దు. అది పులుపు జీవులనే తెస్తుంది, పొంగు జీవిని తీసుకురాదు. ఉప్పు చలికాలంలో పొంగిన తర్వాత కలపడం నాకు అలవాటు, దానివల్ల మొదటి గంటల్లో పెరుగుదల కాస్త చురుగ్గా సాగుతుంది.

ఎండకాలంలో సమస్య తలకిందులవుతుంది. పగటి వేడి 42 డిగ్రీలు దాటే రోజుల్లో వంటగదిలో రాత్రి కూడా ముప్పై అయిదుకు తగ్గదు. ల్యూకోనోస్టాక్‌కు అది ఎక్కువ వేడి, అది వెనుకబడుతుంది. వేడిని ఓర్చుకుని పులుపు మాత్రమే చేసే లాక్టోబాసిల్లస్, పీడియోకోకస్ వంటివి ముందుకు వస్తాయి. వాయువు తక్కువ, ఆమ్లం ఎక్కువ. మీరు రాసిన 'పొంగకముందే పులిసిపోతోంది' అన్న మాట ఈ మార్పును నేను పుస్తక భాషలో చెప్పగలిగిన దానికన్నా స్పష్టంగా చెప్పింది. అందుచేత ఎండకాలంలో పప్పును మూడు నాలుగు గంటలకు మించి నానబెట్టకండి, నానే నీటిని మధ్యలో ఒకసారి మార్చండి, ఫ్రిజ్ నీళ్లతో రుబ్బండి, కిలో పిండికి ఎనిమిది నుంచి పది గ్రాముల ఉప్పును రుబ్బేటప్పుడే కలపండి, పాత పిండి అసలు కలపకండి. గిన్నెను తడిగుడ్డ చుట్టి నీళ్లున్న వెడల్పు పళ్లెంలో పెడితే నాలుగైదు డిగ్రీల దాకా తగ్గుతుంది. అయిదారు గంటలకే పిండిని చూసి, పొంగు నిలవగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

ఈస్ట్ సంగతి. బేకరీ ఈస్ట్ వాయువును వేగంగా ఇస్తుంది గానీ లాక్టిక్ ఆమ్లం ఇవ్వదు. పిండి రెండు గంటల్లో పొంగి కంటికి సిద్ధమైనట్టు కనిపిస్తుంది, లోపల పీహెచ్ మాత్రం దిగి ఉండదు. బాగా పులిసిన ఇడ్లీ పిండి పీహెచ్ 4.5 దరిదాపుల్లో ఉంటుంది. ప్రాణాంతకమైన బాట్యులిజం కలిగించే బ్యాక్టీరియా 4.6 కన్నా తక్కువ పీహెచ్‌లో పెరగదు, ఇంకా చాలా హానికర జీవులు ఆ పులుపులో బలహీనపడతాయి. అంటే మీరు అమ్మే పిండికి పులుపే కాపలా. ఈస్ట్ వాడితే ఆ కాపలా లేని పిండిని పొంగు చూపించి అమ్మినట్టవుతుంది. వంట సోడా ఇంకో మెట్టు కింద ఉంది. అది ఉన్న ఆమ్లాన్ని కూడా చంపి వాయువు తీస్తుంది, పీహెచ్‌ను పైకి లేపుతుంది, పైగా క్షార గుణం వల్ల థయమిన్ అనే బి1 విటమిన్ నశిస్తుంది. ఇంట్లో అప్పటికప్పుడు ఇడ్లీ వేసుకునేవాళ్లు చిటికెడు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. పొట్లం కట్టి అమ్మే పిండిలో మాత్రం సోడా వేయవద్దని గట్టిగా చెబుతాను.

పొట్లం అంటే మరో జాగ్రత్త. ల్యూకోనోస్టాక్ ఫ్రిజ్ చల్లదనంలో కూడా పూర్తిగా ఆగదు, వాయువు వస్తూనే ఉంటుంది. మా కళాశాల ప్రయోగశాలలో ఒకసారి విద్యార్థుల పరిశీలన కోసం పులుస్తున్న పిండిని గాజు సీసాలో పోసి నేనే మూత గట్టిగా బిగించాను. మర్నాడు ఉదయం బల్ల నిండా గాజు పెంకులు. ఆ సమయంలో ఆ గదిలో పిల్లలెవరూ లేరు. ఆ రోజు నుంచి నేను పులిసే దేనికీ గాజు సీసా మూత బిగించలేదు. మీరు అమ్మే పిండికి పైన ఖాళీ ఉంచిన ప్లాస్టిక్ డబ్బాలు వాడండి, మూతకు సూది మొనంత రంధ్రం ఉంచండి. కొన్నవాళ్లకు 'ఉబ్బడం సహజం, గులాబీ, నలుపు, ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తే మొత్తం పారేయండి' అని ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. బూజు చుక్కను తీసేసి మిగతాది వాడుకోవచ్చనుకోవడం పొరపాటు, బూజు వేర్లు కంటికి కనిపించినంత దూరంలోనే ఆగవు, కొన్ని బూజులు విడిచే విషాలు వండినా పోవు.

వండితే పోని విషం మాట వచ్చింది కాబట్టి సద్దన్నం గురించి కూడా చెప్పాలి. మన దగ్గర రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పొద్దున సల్ల, ఉల్లిగడ్డతో తినడం మంచి అలవాటే. కానీ బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు, గోరువెచ్చగా గంటల తరబడి పెట్టిన అన్నంలో అవి మొలిచి వాంతులు కలిగించే విషాన్ని తయారుచేయగలవు, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నం చల్లారగానే నీళ్లు పోసి, ఒక గరిటె సల్ల కూడా కలిపితే లాక్టిక్ జీవులకు ముందే చోటు దొరుకుతుంది. ఎండకాలంలో ఇది తప్పనిసరి అనుకోండి. సద్దన్నంలో బి12 విటమిన్ పుష్కలంగా ఉంటుందని ఈ మధ్య విరివిగా ప్రచారం జరుగుతోంది, దాన్ని నమ్మి శాకాహారులు డాక్టరు ఇచ్చిన బి12 మాత్రలు మానేయకూడదు. ఇడ్లీలో మంచి బ్యాక్టీరియా ప్రాణంతో కడుపులోకి వెళుతుందనే మాట కూడా సరికాదు, ఆవిరిలో అవి చనిపోతాయి. ఇడ్లీ మేలు వేరే చోట ఉంది: పప్పులో ఇనుము, జింకులను పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం పులిసినప్పుడు తగ్గుతుంది, కడుపుబ్బరం కలిగించే రాఫినోజ్ వంటి చక్కెరలను బ్యాక్టీరియా ముందే తినేస్తుంది.

పిండి కల్లు ఎందుకు కాదన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు సులువు. బియ్యంలో ఉన్నది స్టార్చ్, అంటే వేలాది గ్లూకోజ్‌లు అతుక్కున్న గొలుసు. ఈస్ట్ గానీ ల్యూకోనోస్టాక్ గానీ ఆ గొలుసును నేరుగా తినలేవు. పిండిలో విడిగా ఉన్న కొద్దిపాటి చక్కెరే వాటికి ఆహారం. ఆ కొద్దిపాటిలో తయారైన రవ్వంత ఇథనాల్ ఆవిరిలోనే పోతుంది. తాటి చెట్టు గెల నుంచి, ఈత చెట్టు కాండం పైభాగం నుంచి వచ్చే రసంలో మాత్రం స్టార్చ్ లేదు, నూటికి పది పన్నెండు పాళ్లు నేరుగా చక్కెరే. లొట్టిలో అంటుకుని ఉన్న ఈస్ట్, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా దాన్ని గంటల్లోనే పట్టుకుంటాయి. లెక్క ప్రకారం నూరు గ్రాముల గ్లూకోజ్ నుంచి అత్యధికంగా 51 గ్రాముల ఇథనాల్, 49 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. కల్లు మీద తెల్లటి నురగకు కారణం ఆ రెండో సంఖ్య. లొట్టి లోపల సున్నం పూస్తే పీహెచ్ బాగా పెరిగి జీవులు పని చేయలేవు, రసం తియ్యగా నీరాగానే ఉంటుంది. వదిలేస్తే ఒకటి రెండు రోజుల్లో అసిటోబాక్టర్ గాలిలోని ప్రాణవాయువుతో ఇథనాల్‌ను వెనిగర్‌గా మారుస్తుంది. గాలి వాడుకుంటుంది కాబట్టి ఖచ్చితంగా చూస్తే అది కిణ్వనం కాదు, అయినా వాడుకలో అలాగే అంటున్నాం.

కొన్ని చోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలుపుతారు. అది కిణ్వనంతో ఏ సంబంధమూ లేని నేరం, అసలు కల్లు గీసే గౌడన్నల పనికి అది అపకీర్తి తెచ్చింది. కల్తీ సారా మరణాలకు కారణమయ్యే మిథనాల్ కూడా సాధారణంగా పులియడం వల్ల వచ్చింది కాదు, పరిశ్రమల మిథనాల్‌ను కలపడం వల్ల వచ్చినది. ఆదిలాబాద్, ములుగు అడవుల్లో గోండులు, కోయలు వాడే ఇప్ప పువ్వుకు కూడా స్టార్చ్ చిక్కు లేదు, ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే, నీళ్లలో నానబెడితే చాలు. మక్కలకు మాత్రం ఆ చిక్కు ఉంది. మక్కలతో ఇథనాల్ తీసే కర్మాగారంలో ముందు స్టార్చ్‌ను అమైలేజ్ ఎంజైములతో గ్లూకోజ్‌గా విరవాలి, ఆ తర్వాతే ఈస్ట్. టన్ను మక్కల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. పాడి రైతులు అవే మక్కల మొక్కలను కంకి పాలు పట్టి గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి పాతర వేసినప్పుడు జరిగేది లాక్టిక్ కిణ్వనం. ఒకే మొక్క, రెండు దారులు.

ఇక మందుల సంగతి. చక్కెర కర్మాగారాల్లో నరికిన చెరుకు ఆలస్యంగా గానుగకు వస్తే, గొట్టాల్లో జిగట పేరుకుని రసం వడగట్టడం కష్టమవుతుంది. ఆ జిగట చేసే బ్యాక్టీరియాకు 1878లో వాన్ టీఘెమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అని పేరు పెట్టాడు. మీ పిండిని పొంగించే జీవి అదే. చక్కెర నుంచి అది అల్లే డెక్స్‌ట్రాన్ అనే ఆ బంకను శుద్ధిచేసి, 1940ల నుంచి రక్తం బాగా పోయిన రోగులకు నరాల్లోకి ఎక్కించే ద్రవంగా వాడారు. ఇనుము లోపానికి ఇచ్చే ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్‌లోనూ అది ఉంది. మీ అమ్మాయి పుస్తకంలో ఈ మాట ఉందో లేదో గానీ, ఇడ్లీకీ ఆసుపత్రికీ ఇంతకన్నా దగ్గర బంధుత్వం నాకు కనిపించలేదు.

పెన్సిలిన్ కథలోనూ నానబెట్టిన నీళ్లే ఉన్నాయి. 1928లో ఫ్లెమింగ్ గమనించిన ఆ బూజు మందును రోగులకు చాలినంత తయారుచేయడం ఎవరికీ చేతకాలేదు. 1941లో ఫ్లోరీ, హీట్లీ ఇంగ్లండు నుంచి అమెరికాలోని పియోరియా ప్రయోగశాలకు వెళ్లినప్పుడు, అక్కడివాళ్లు స్టార్చ్ పరిశ్రమలో మక్కలను నానబెట్టగా మిగిలిన నీటిని బూజుకు ఆహారంగా పెట్టారు. ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది. ఆ నీరు లాక్టిక్ బ్యాక్టీరియా పులియబెట్టినదే. అయితే బూజుకు ప్రాణవాయువు కావాలి కాబట్టి, పెద్ద ట్యాంకుల్లో శుద్ధిచేసిన గాలిని నిరంతరం ఊదుతూ కలియదిప్పే పద్ధతి రావలసి వచ్చింది. పరిశ్రమలో ఇప్పుడు కిణ్వనం అంటే ట్యాంకులో సూక్ష్మజీవిని పెంచడం అన్న విశాలమైన అర్థమే, ఎన్ఏడీ లెక్క అక్కడ పట్టించుకోరు. సుబ్బారావు గారు పరిశోధనను నడిపించిన లెడర్లే ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948లో వెలుగులోకి వచ్చింది. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా కూడా పిచియా అనే ఈస్ట్‌ను ట్యాంకుల్లో పెంచి చేసినదే. ఆ ట్యాంకు దగ్గర నిలబడే ఇంజనీరు చూసుకునేవి వేడి, పీహెచ్, గాలి, చక్కెర, అన్నిటికన్నా ముందు వేరే జీవి చొరబడకుండా చూడడం. మీరు థర్మాకోల్ పెట్టె దగ్గర చూసుకోవలసినవీ దాదాపు అవే.

మీ అమ్మాయి చేత ఒక పని చేయించండి. కళాశాల సామగ్రి అమ్మే దుకాణంలో 3.5 నుంచి 6 వరకు చూపే పీహెచ్ కాగితాలు దొరుకుతాయి. ఒక నిటారు గాజు గ్లాసులో కొద్దిగా పిండి పోసి, మూత వేయకుండా గుడ్డ కప్పి, పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేసి, గంట గంటకూ పిండి ఎత్తు, పీహెచ్, గది వేడి మూడింటినీ ఒక పుస్తకంలో రాయమనండి. జనవరిలో ఒక రోజు, ఏప్రిల్‌లో ఒక రోజు. ఆ లెక్కలతో గ్రాఫు గీస్తే, జనవరిలో ఎత్తు, పీహెచ్ గీతలు రెండూ నెమ్మదిగా కలిసి నడుస్తాయి. ఏప్రిల్‌లో ఎత్తు ఒకచోట ఆగిపోయినా పీహెచ్ దిగుతూనే ఉంటుంది. ఎత్తు ఆగిన ఆ గంటే మీ ఇంట్లో, మీ పప్పుతో, పిండిని ఫ్రిజ్‌లో పెట్టవలసిన సమయం.